మటన్ గోడ మీద పహిల్వాన్

ఇప్పుడు సబ్బు నుంచి సిమెంటు దాకా ఏది కొనాలన్నా ముందు ఎవరో ఒక పేరున్న మనిషి మన ముందుకు వచ్చి పళ్ళికిలించాలి. ఆ రోజుల్లో ఇంత కష్టం ఉండేది కాదు. వంకాయ మంచిదో కాదో వంకాయను చూస్తే తెలిసేది, మటన్ మంచిదో కాదో దుకాణం ముందు నిలబడ్డ జనాన్ని చూస్తే తెలిసేది. అంత అమాయకంగా బతుకుతున్న నాందేడ్ పట్నానికి, ఎవరో పెద్దమనిషి చెబితే తప్ప నోట్లో ముక్క పెట్టుకోకూడదనే జబ్బును అంటించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. (ఏ జబ్బుకైనా మొదటి రోగి ఎవరో డాక్టర్లు వెతుకుతారట. నాందేడ్ సంగతి అడిగితే మా సేఠ్ పేరు చెప్పండి, రెండో పేరు నాది.) చెప్పుకుంటే సిగ్గు, దాచుకుంటే కడుపు ఉబ్బరం అన్నట్టు ఇన్నాళ్ళూ మోశాను కాబట్టి ఇవాళ చెప్పేస్తాను.

మాది ఇస్లాపూర్ దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ. ఈ మూడింటితో బి.ఏ. దాకా వెళ్ళాను గాని, మూడూ కలిసినా ఒక ఉద్యోగం ఇప్పించలేకపోయాయి. చివరికి మా మేనమామ నన్ను నాందేడ్‌లో తనకు తెలిసిన ఒక పబ్లిసిటీ సేఠ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ ఊళ్ళోనే వజీరాబాద్ పేటలో ఒక్క గది, అందులో ఒక బల్ల, నాలుగు రంగు డబ్బాలు, రిక్షాకు కట్టే ఒక భోంగా. లౌడ్ స్పీకర్‌ను మా దగ్గర అలాగే అంటారు. సినిమాహాళ్ళలో స్లైడ్లు వేయించడం, గోడలకు రంగులు వేయించడం, భోంగాలో అరిపించడం, ఇదీ వ్యాపారం. సేఠ్ కూడా మన తెలుగువాడే, పుట్టింది పెరిగింది నాందేడ్‌లోనే. నన్ను కింది నుంచి పైదాకా చూసి మామతో అన్నాడు: "మూడు భాషలళ్ల అబద్ధమాడేటోడు దొర్కుడు కష్టం. ఉండనియ్యి. కాని పక్కా నౌకరి అని ఇప్పుడే అననీకి లేదు. ఒక్క పెద్ద పని చేసి చూపెట్టాలె. లేకుంటే ఇస్లాపూర్ దిక్కు బండి పొద్దుగాల్నే ఉంటది." ఆ బండి ఎక్కితే ఊళ్ళో మా నాయన నాగలి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చదువుకున్న కొడుకు ఏదో ఒక రోజు బుద్ధి తెచ్చుకుని తిరిగి వస్తాడని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని వమ్ము చేయడమే అప్పటికి నా జీవితాశయం.

ఆ పెద్ద పని ఒక మధ్యాహ్నం చాచా రూపంలో మెట్లెక్కి వచ్చింది. చాచా అంటే ఇత్వారా బజారులో మటన్ దుకాణాల వాళ్ళందరికీ పెద్ద. తెల్లగడ్డం, మెత్తటి మనసు, గిరాకీ వస్తే కాదనలేని నోరు. బ్రాయిలర్ కోళ్ళు అప్పుడే కొత్తగా దిగుతున్న రోజులవి. బడిపంతులు ఉద్యోగం వదిలేసిన ఒకాయన సరిగ్గా చాచా దుకాణం ఎదురుగా తెల్లకోళ్ళ దుకాణం పెట్టాడు. ఊరు ఆయనకు కోడి మాస్టర్ అని పేరు పెట్టింది గాని, ఆయన కోళ్ళను మాత్రం కొనలేదు. రబ్బరు కోళ్ళని, సూదిమందు కోళ్ళని, ఉడికితే నీళ్ళయి పోతాయని నానా మాటలూ అనేది. అయినా చాచాకు భయం పట్టుకుంది. "బేటా, ఇయ్యాల జనం దాన్ని చూసి నవ్వుతున్నరు. రేపు రుచి చూస్తరు. ఎల్లుండి నా ముంగట్కెల్లే పట్టుకపోతరు," అన్నాడు దిగులుగా. సేఠ్ కుర్చీలో వెనక్కి వాలి, అప్పటికప్పుడు పుట్టిన సిద్ధాంతాన్ని తాతల నాటిదన్నట్టు చెప్పాడు: "చాచా, మాల్ గురించి మాల్ చెప్పదు, మొఖం చెప్పాలె. మటన్‌కు ఒక మొఖం కావాలె."

"మేకకు మొఖం ఉన్నది గద సేఠ్," అన్నాడు చాచా.

"మేక మొఖం చూస్తే తినబుద్ధి కాదు చాచా. పేరున్న మనిషి మొఖం కావాలె."

ఆ మొఖాన్ని వెతికే పని నాకు పడింది. మొదట ఊళ్ళో పెద్ద డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మాట అంటే నాందేడ్‌లో వేదం. అప్పుడాయన టిఫిన్ డబ్బాలోంచి పెసరపప్పు కిచిడీ తింటున్నారు. నా మాట అంతా విని, నిజాయితీగానే అన్నారు: "మటన్‌ల బలం ఉన్నది, అబద్ధమెందుకు. కాని నా పేరు రాయకుండ్రి. పొద్దుగాల్నుంచి పొద్దుమూకె దాంక అచ్చినోనికల్లా మటన్ బంద్ పెట్టుమని చెప్తేనే నా దవాఖాన నడుస్తున్నది." అక్కడి నుంచి ఒక నాయకుడి ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో ఉండగానే లోపలి నుంచి మసాలా వాసన స్వాగతం చెప్పింది. ఇక్కడ పని అయినట్టే అనుకున్నాను. ఆయన మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చి, సంగతి వినగానే నా భుజం మీద చెయ్యి వేసి గొంతు తగ్గించాడు. "తినుడు నాకేం కొత్త కాదు తమ్మీ. కాని నా వోట్లన్ని మాళ్కరి ఊర్లళ్ల ఉన్నయ్." (మాళ్కరులంటే మెడలో తులసిమాల వేసుకుని పండరిపురం నడిచి వెళ్ళేవాళ్ళు. మాల పడిన రోజు నుంచి మాంసం ముట్టరు.) "నేను ఇంట్ల కూసోని తింట, మీరు బయట చెప్పుకోండ్రి, ఎవలి పని ఆళ్ళకు," అని పంపించేశాడు. చెప్పదగినవాడు తినడు, తినేవాడు చెప్పడు. ప్రజలకు ఏదైనా బోధించడంలో ఉన్న అసలు కష్టం నాకు మొదటిసారి అర్థమైంది ఆ రోజే.

అప్పుడు గుర్తొచ్చాడు పహిల్వాన్. బాబ్లీ వైపు పల్లె నుంచి వచ్చి నాందేడ్‌లో స్థిరపడ్డ మన తెలుగు మనిషి. ఒకప్పుడు చుట్టుపక్కల ఏ జాతర కుస్తీల్లోనైనా చివరి జోడీ, అంటే అన్నిటికంటే పెద్ద కుస్తీ, ఆయనదే. నా చిన్నప్పుడు మా నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని చూపించాడు. ఎర్రమట్టిలో ఆయన ఎదుటివాణ్ణి ఎత్తి తిప్పుతుంటే నేను మా నాయన జుట్టు పట్టుకుని పీకానట. ఆయన తిండి గురించి ఊరూరా కథలు ఉండేవి. పొద్దున్నే పొట్టేలు తలకాయ నాస్తా అనీ, మధ్యాహ్నం తొడ, రాత్రి మిగిలిన పొట్టేలు అనీ. మా ఊళ్ళో ఒక తాత అయితే, పహిల్వాన్ కొమ్ములు కూడా వదలడని ప్రమాణం చేసేవాడు. అలాంటి మనిషి కంటే మటన్‌కు తగిన మొఖం ఏముంటుంది? తాలీమ్‌కు వెళ్ళాను. తాలీమ్ అంటే కుస్తీ నేర్పే చోటు. ఒకప్పుడు అక్కడ చోటు దొరక్క పిల్లలు బయట నిలబడేవారట. నేను వెళ్ళేసరికి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు గోడకు ఆనుకుని సినిమా కబుర్లు చెప్పుకుంటున్నారు. పహిల్వాన్ ఒక మూల మంచం మీద కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి, మెడ ఇంకా దూలంలానే ఉంది. నేను చెప్పింది అంతా విని అడిగిన మొదటి ప్రశ్న: "గోడ ఎంత పెద్దగుంటది?"

గోడ పెద్దదే. ఇత్వారా మలుపులో, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ తప్పక కనిపించే గోడ. మా పెయింటర్ పహిల్వాన్ వయసులో ఇరవై ఏళ్ళు తగ్గించి, ఛాతీకి రెండు జానలు కలిపి, భుజాల మీద ఒక మేకను కూర్చోబెట్టాడు. (ఆ మేక ముఖంలో భయం బదులు ఒక రకమైన గర్వం కనిపించేది. పెయింటర్ అంతకు ముందు రోజే దేవుడి బొమ్మ వేసి వచ్చాడు, ఆ చేత్తోనే ఇది కూడా కానిచ్చాడు.) కింద మరాఠీలో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, నా మొండిపట్టు మీద ఒక మూలన తెలుగులో ఒకసారి రాయించాం: "పహిల్వాన్ తిన్నదే మనమూ తిందాం." సేఠ్ చూసి తల ఊపాడు. చాచా మాత్రం చాలాసేపు గడ్డం నిమురుకుంటూ నిలబడి, "బొమ్మ మంచిగున్నది. కాని గోడ మీది బొమ్మ నమలది గద సేఠ్. మనిషి తింటుంటె జనం కండ్లార చూడాలె," అన్నాడు. చౌరస్తాలో మంచె కట్టి, పహిల్వాన్‌ను కూర్చోబెట్టి, ఊరందరి ముందు మటన్ తినిపించాలని తేలింది. అది సవ్యంగా జరిగితే నౌకరీ పక్కా అని సేఠ్ చాచా ఎదుటే మాటిచ్చాడు.

ఇక రోజు పెట్టాలి. ఇక్కడే నా బి.ఏ. చదువు పనికొచ్చింది. మా ప్రాంతంలో మాంసం తినని మనుషులు తక్కువ, మాంసం తినని రోజులు ఎక్కువ. గోడ మీద క్యాలెండర్ ముందు నిలబడి సేఠ్, చాచా, నేను ఒక్కొక్క వారాన్నే కొట్టేసుకుంటూ వచ్చాం. సోమవారం శంకరునిది, ఎవరూ ముట్టరు. మంగళవారం సగం ఊరు అమ్మవారిది, సగం ఊరు గణపతిది. బుధవారం విఠోబాది. గురువారం దత్తునిది. శుక్రవారం లక్ష్మిది, పైగా ఆ మధ్యాహ్నం చాచా వాళ్ళంతా నమాజుకు పోతారు. శనివారం మారుతిది. మారుతి వారం నాడు పహిల్వాన్‌కు మటన్ పెడితే తాలీమ్ పునాదులే కదులుతాయి. చివరికి ఎవరి మీదా ఏ ఆంక్షా పెట్టని మంచి దేవుడు సూర్యుడు ఒక్కడే మిగిలాడు. సరే ఆదివారం, కాని ఏ ఆదివారం? అప్పుడు నేను వేలు పెట్టి చూపించాను. ఇంకో నాలుగు రోజుల్లో శ్రావణం మొదలవుతుందనగా వచ్చే ఆదివారం. శ్రావణమంతా ముట్టకూడదు కాబట్టి ఆ ఆదివారం నాడు హిందువుల ఇళ్ళల్లో కూర ఉడకని పొయ్యి ఉండదు. "ఆ రోజు తిననోడు ఊర్ల ఉండడు సేఠ్," అన్నాను. సేఠ్ లేచి వచ్చి నా వీపు తట్టాడు. చాచా దువా చేశాడు. అందరూ ఎలాగూ తినే రోజున తినమని చెప్పడం దేనికి, చెప్పిన నాలుగు రోజులకే ఊరంతా మానేస్తే మన మాట ఎవరికి గుర్తుంటుంది, అని ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు. ముగ్గురం చేతులు కలుపుకుని చాయ్ తాగాం.

ఈ శుభవార్త చెప్పడానికి తాలీమ్‌కు వెళ్ళాను. పహిల్వాన్ కుర్రాళ్ళను ఏదో పని మీద బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, నన్ను వెలుతురులోకి రమ్మన్నాడు. తర్వాత నోరు తెరిచాడు. నేను బిత్తరపోయి చూశాను. ముందు నాలుగైదు పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. వాటి వెనక ఏమీ లేదు, రెండు వైపులా దవడలు ఖాళీ.

"సూసినవా బిడ్డా," అన్నాడు నోరు మూసి. "ముందటివి నవ్వనీకి ఉన్నయ్. నమలనీకి ఒక్కటి లేదు. మటన్ తినక ఏండ్లయితున్నది. పాలళ్ల జొన్నరొట్టె నానేసుకోని తింట."

"మరి ముందే చెప్పకపోతివేంది కాక?" అన్నాను.

"ఎట్ల చెప్పాలె? పహిల్వాన్‌కు పండ్లు లేవని ఎర్కయితె ఈ ఇద్దరు పిలగాండ్లు గూడ రారు. నువ్వు గోడ అన్నవు. నా మొఖం మల్ల ఇత్వారాల కనవడ్తదని మనసయింది. గోడ నమలాల్సిన పని లేదు గద. మంచె మీద తినాలె అని నువ్వు ఇయ్యాల చెప్తున్నవు."

నాకు ఆయన మీద కోపం రావాలి, రాలేదు. చిన్నప్పుడు మా నాయన భుజాల మీద నుంచి చూసిన మనిషి, ఈ మాట ఎవరితోనూ అనకు అన్నట్టు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిలో నా వేళ్ళు రొట్టెపిండిలా నలిగాయి. "నేను చూసుకుంట కాక," అనేశాను. ఎలా చూసుకుంటానో ఆ క్షణాన దేవుడికే తెలియాలి, ఆయనా ఆ రోజు ఏ వారం పని మీద ఉన్నాడో.

ఉపాయం వంటాయన దగ్గర దొరికింది. లేత పొట్టేలు మాంసం తీసుకుని, పచ్చిబొప్పాయి నూరి పట్టించి, ఒక పూటంతా నాననిచ్చి ఉడికిస్తే ముక్క నోట్లో వేసుకోగానే కరిగిపోతుందట. "అంత మెత్తగ ఎందుకు? పహిల్వాన్‌కు పెట్టేది కూరనా, లేహ్యమా?" అని ఆయన విసుక్కున్నాడు. పెద్దవాళ్ళు మంచె మీద నములుతూ కూర్చుంటే బాగుండదని ఏదో చెప్పాను. చాచా దగ్గరికి వెళ్ళి, శనివారం సాయంత్రానికే లేత మాంసం పక్కన పెట్టించాలని మూడు భాషల్లోనూ చెప్పాను. చాచా గడ్డం మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు. ఆయన మాట మంచిదే. కాని ఆయన నోటికి గిరాకీని కాదనడం రాదని ఇంతకు ముందే చెప్పాను కదా. ఆ సాయంత్రం నుంచే శ్రావణం ముందటి రద్దీ మొదలైంది. ఇరవై ఏళ్ళ నుంచి తన దగ్గరే కొనే పెద్దమనిషి ఒకాయన వచ్చి, అల్లుడు వచ్చాడు చాచా, పక్కన పెట్టిన ఆ ముద్ద ఇవ్వు అన్నాడట. అల్లుడు అనే మాట వింటే నాందేడ్‌లో ఏ మటన్ దుకాణం వాడూ తట్టుకోలేడు. తర్వాత ఇంకొకరి వియ్యంకుడు వచ్చాడు. ఆదివారం పొద్దున మేము మంచె కట్టించి, భోంగా కట్టించి, పూలదండ తెప్పించి వెళ్ళేసరికి చాచా దుకాణంలోనే కాదు, ఆ వరుసలో ఏ దుకాణంలోనూ కొక్కేలకు ఏమీ లేదు. తడి నేల కడుగుతున్నారు. వంటాయన గుండిగలో మాత్రం, ఎవరూ కొనక మిగిలిన ఒక ముసలి మేకపోతు తొడ నిదానంగా ఉడుకుతోంది. అందులో బొప్పాయి వేశావా అని అడిగాను. "ఇందుల బొప్పాయి గాదు, బొప్పాయి తోట ఏసినా ఇది మెత్తగ గాదు," అన్నాడు.

చౌరస్తా జనంతో నిండిపోయింది. చాలామంది ఇంట్లో కూర పొయ్యి మీద పెట్టి వచ్చినవాళ్ళు. మాంసం దొరక్క ఖాళీ సంచీలతో తిరుగుతున్నవాళ్ళు కూడా కొందరు ఉన్నారు. భోంగాలో నేనే పిలిచాను, మరాఠీలో, దక్కనీలో, తెలుగులో. పహిల్వాన్ జరీ తలపాగాతో మంచె ఎక్కాడు. ఆయన ముందు ఇత్తడి పళ్ళెం పెట్టారు. పళ్ళెంలో పొగలు కక్కుతూ ఆ ముసలి తొడ. ఆయన ఒక ముక్క మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. ఎంతమంది భుజాలు నేలకు ఆనించిన వేలో అది, ముక్క చలించలేదు. ఆయన తలెత్తి నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. నా కళ్ళకు ఇస్లాపూర్ బండి కనబడింది, దాని వెనక మా నాయన, నాగలి.

పహిల్వాన్ పళ్ళెం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఇంకో చేత్తో మైకు తీసుకున్నాడు. జనం సద్దుమణిగారు. ఎదుటివాడి పట్టులో చిక్కినప్పుడు బలంతో కాదు, వాడి బలంతోనే బయట పడాలని కుస్తీలో ఒక మాట ఉందట. నాకు ఆ సంగతి తర్వాత ఎవరో చెప్పారు. ఆయన మరాఠీలో మొదలుపెట్టి, మెల్లగా మన మాటలోకి వచ్చాడు. "నేను తినుడు మీరు చానేండ్లు సూసిన్రు. ఆకలిగున్నోళ్ళు ముంగట నిలవడంగ ఒక్కడు కూసోని తింటే ఆడు పహిల్వాన్ గాదు. ఇయ్యాల మీరు తినాలె, నేను సూస్తా. ఈడున్న ఆఖరి మనిషి తిన్నంకనే నేను ముద్ద ముడ్త."

చప్పట్లు చూడాలి. టోపీలు ఎగిరాయి. పక్కన సేఠ్ కళ్ళు తుడుచుకుంటున్నాడు. చాచా చేతులు పైకెత్తాడు. అంత మంచి మాట ఆ చౌరస్తాలో అంతకు ముందు ఎవరూ అని ఉండరు. చిక్కు ఏమిటంటే, ఆ మంచి మాటకు అర్థం మాంసం పెట్టమని. ఒకరు ముందుకు జరిగారు, నలుగురు జరిగారు, మరుక్షణం జనం గుండిగ దగ్గర ఉన్నారు. గుండిగలో ఎముకలు, కాస్త రసం. వంటాయన గరిట అడ్డం పెట్టి, "నాకేం ఎర్కలేదు, సేఠ్‌ను అడుగుండ్రి," అంటున్నాడు. సేఠ్ ఎక్కడా లేడు. జనం దుకాణాల వైపు తిరిగారు, అక్కడ ఖాళీ కొక్కేలు. ముక్కులో మసాలా వాసన, చెవిలో పహిల్వాన్ మాట, నాలుగు రోజుల్లో శ్రావణం. అప్పుడు ఎవరో రోడ్డుకు అవతల చూశారు. కోడి మాస్టర్ తన దుకాణం మెట్టు మీద నిలబడి, అన్నేళ్ళ పంతులు ఉద్యోగంలో ఏ క్లాసూ తన వైపు ఇంత శ్రద్ధగా చూడలేదన్నట్టు బిక్కుబిక్కుమంటూ చూస్తున్నాడు. తర్వాత జరిగింది ఆయన పంజరాలు చెప్పాలి. రబ్బరు కోడి అన్నవాడు రెండు పట్టుకెళ్ళాడు. సూదిమందు కోడి అన్నవాడు ఇంకెవరికీ దొరక్కుండా నాలుగు పట్టుకెళ్ళాడు. చౌరస్తాలో తెల్లటి ఈకలు ఎగురుతుంటే, మంచె మీద పహిల్వాన్ మెడలో దండతో, చేతిలో పళ్ళెంతో, ఆఖరి మనిషి తినడం కోసం ఓపికగా వేచి ఉన్నాడు. ఆఖరి మనిషి ఇంటికి వెళ్ళిపోయాక దిగి వచ్చి, పళ్ళెం నాకిచ్చి, "ఇగ నేను ముట్టుకున్నట్టే బిడ్డా," అన్నాడు.

మర్నాడు నేను ట్రంకు పెట్టె సర్దుకునే ఆఫీసుకు వెళ్ళాను. సేఠ్ నన్ను చూసి నోరు తెరిచేలోగా మెట్ల మీద చాచా గొంతు వినబడింది. ఇద్దరం బల్ల వెనక్కి జరిగాం. చాచా చేతిలో మిఠాయి పొట్లం ఉంది. "కమాల్ చేసిన్రు సేఠ్. నా బతుకుల ఎన్నడు సూడలే. ఇత్వారాల పొద్దెక్కక ముందే మాల్ ఖతం. ఒక్క దుకాణంల ఒక్క బొక్క మిగల్లె. అంత ఆ గోడ మహిమ." శ్రావణం ముందటి ఆదివారం ప్రతి ఏడూ అలాగే అయిపోతుందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. సేఠ్ నా కాలు తొక్కాడు. చాచా వెళ్ళాక ఇంకా పొట్లం విప్పక ముందే కోడి మాస్టర్ వచ్చాడు. జేబురుమాలుతో చెమట తుడుచుకుని, ఆ ప్రచారం చేసిన మనుషులు మీరేనా, నాకూ అలాగే చేయాలి, అదే పహిల్వాన్ కావాలి అన్నాడు. సేఠ్ కుర్చీలో వాలి, మాల్ గురించి మాల్ చెప్పదు మాస్టర్ అంటూ మొదలుపెట్టాడు. శ్రావణం నెలంతా మటన్ అమ్మకం పడిపోతే, చాచా కోసం సినిమాహాళ్ళలో వేస్తున్న మా స్లైడ్లు నెల రోజులు ఆపినందుకే అన్నాడు. పండుగలు గడిచి మళ్ళీ పుంజుకుంటే, మా స్లైడ్ల వల్లే అన్నాడు. చంద్రుడు అమావాస్యకు పోవడం, పున్నమికి రావడం కూడా మా సేఠ్ లెక్కలో పబ్లిసిటీ కిందికే వచ్చేవి. నా నౌకరీ పక్కా అయింది. మా నాయన నాగలి పక్కన పెట్టి, పాలేరు కోసం వెతకడం మొదలుపెట్టాడని ఊరి నుంచి కబురొచ్చింది.

గోడ కోడి మాస్టర్ పట్టుకున్నాడు. మేకను చెరిపి కోడిని కూర్చోబెట్టాలి. నినాదంలో ఒక్క అక్షరం కూడా మార్చనక్కర లేకపోయింది, అదీ దాని గొప్ప. ఈ సంగతి పహిల్వాన్‌కు చెప్పడానికి నాకు కాళ్ళు రాలేదు. జాతరల్లో చివరి జోడీ పట్టిన మనిషి భుజాల మీద కోడిపెట్ట అంటే ఆయన ఏమనుకుంటాడు, నన్నెత్తి తాలీమ్ బయట వేస్తాడేమో అనుకుంటూనే వెళ్ళాను. ఆయన గిన్నెలో పాలు పోసుకుని జొన్నరొట్టె తుంచి వేసుకుంటున్నాడు. చెప్పాను. ఆయన రొట్టె నానిందో లేదో వేలితో చూస్తూ, "మేక పాయె, కోడి అచ్చె. నా మొఖం ఉంటది గద?" అన్నాడు.

"ఉంటది కాక."

"అట్లయితే కోడైనా మంచిదే, కోతైనా మంచిదే. ఇప్పటి పిలగాండ్లకు నేను ఎవనో ఎర్కలేదు బిడ్డా. నన్ను మట్టిల సూసినోళ్ళు ఒక్కొక్కలు పోతనే ఉన్నరు. మొన్న అంగట్ల పదేండ్ల పోరడు అచ్చి, గోడ మీదున్నది నువ్వేనా తాత అని అడిగిండు. నేనే అన్న. ఆడు నా జబ్బ పట్టి సూసిండు." గిన్నె వైపు చూస్తూ అన్నాడు: "మీసాలు జర నల్లగ ఎయ్యమను. ఎండకు వెలుస్తున్నయ్."

పెయింటర్‌తో నేనే వెళ్ళి నిలబడి వేయించాను. ఆ తర్వాత ఆ గోడ చాలామంది చేతులు మారింది. కోడి పోయి పళ్ళపొడి వచ్చింది (ఆ రోజు నేనూ పహిల్వానూ తాలీమ్‌లో తలుపు వేసుకుని చాలాసేపు నవ్వుకున్నాం), పళ్ళపొడి పోయి ఎరువుల బస్తా వచ్చింది. ఎవరు పట్టుకున్నా ఆ మొఖం చెరపకుండా చూడటం నా పనిగా పెట్టుకున్నాను. ఎండాకాలం దాటగానే ఎవరూ అడక్కుండానే పెయింటర్‌ను నల్లరంగు డబ్బా ఇచ్చి పంపేవాణ్ణి. పహిల్వాన్ పోయిన తర్వాత కూడా పంపాను, ఆ గోడ ఉన్నన్నాళ్ళూ. సేఠ్ ఒకసారి అడిగాడు, చచ్చిపోయిన మనిషి మీసాలకు రంగెందుకురా అని. జనం నమ్మాలి గద సేఠ్ అన్నాను. ఆయనకు అది సబబుగానే తోచింది. ఇప్పుడు తలచుకుంటే, మూడు భాషల్లో అబద్ధమాడటానికి కుదిరిన ఆ ఇస్లాపూర్ కుర్రాడి మీద నాకు నవ్వే వస్తుంది. కాని వాడు వేయించిన అన్ని రంగుల్లోనూ, ఆ మీసాల నలుపు ఒక్కటి మాత్రం ఇప్పటికీ నాకు అబద్ధంగా తోచదు.